న్యూయార్కు నగరమందలి స్వవృత్తకథనరాత్రులు

గద్యకావ్యమును కథ యనియు నాఖ్యాయిక యనియు రెండుగా విభజించిన యాలంకారికులలో భామహుఁడు వక్తృభేదమును ముఖ్యలక్షణములలో నొకటిగా గ్రహించెను. నాయకుఁడు తన వృత్తాంతమును దానే చెప్పిన నది యాఖ్యాయిక. ఇతరులు చెప్పిన నది కథ. అభిజాతుఁడైనవాఁడు తన గుణములను దానే యెట్లు చాటుకొనునని కథావిషయమునఁ గారణము కూడ నాతఁడు చూపెను. దండి దీని నంగీకరింపలేదు. జరిగినదానిని జరిగినట్లు చెప్పువానికి స్వగుణావిష్కారము దోషము కాదనియు, వక్త యెవఁడైనను భేదము లేదనియు, ఇవి రెండు పేళ్లు గల యొక్క జాతియే యనియు నాతని మతము. అమరసింహుఁడు వక్తను విడిచి వస్తువును బట్టెను. ఎఱుఁగఁబడిన యర్థము గలది యాఖ్యాయిక, కల్పితప్రబంధము కథ యని యాతని నిర్ణయము. పాఠశాలలలో నీ చర్చ హర్షచరితకాదంబరుల నుదాహరించుటతో ముగియును. కాని 1997 మొదలుకొని యమెరికాదేశపు న్యూయార్కు నగరమునఁ బ్రబలిన యొక సభాసంప్రదాయమునందు నీ చర్చయే పేరు మాఱి మఱల నడచినది. అక్కడి వాదులలో నెవ్వరును భామహదండుల నెఱిఁగియుండిరని చెప్ప నక్కఱలేదు. వస్తుస్వభావమే వారి నా త్రోవకుఁ దెచ్చినది.

ఆ సభలు స్వవృత్తకథనరాత్రులు. కవియు నటుఁడును గాని సామాన్యుఁ డొక సాయంకాలమునఁ బుస్తకశాలకో పానశాలకో పోయి, వేదికపై నిలిచి, తన జీవితమున నిజముగా జరిగిన యొక వృత్తాంతమును, కాగితము చేతఁ బట్టక, అపరిచితులగు శ్రోతల యెదుటఁ జెప్పును. వినువారు టిక్కెట్టు కొని వత్తురు. ఇందుఁ బాట లేదు, వేషము లేదు, చిడతలు లేవు. మన హరికథకునకుఁ బురాణకథ వస్తువు. స్వానుభవము పిట్టకథగా నడుమ దూరిన దూరవచ్చును గాని యది ప్రధానము గాదు. అక్కడ నదియే సర్వస్వము.

ఈ సంప్రదాయమునకు మూలపురుషుఁడు జార్జి డాస్ గ్రీన్ అను నవలాకారుఁడు. జార్జియా రాష్ట్రపుఁ దీరముననున్న సెయింట్ సైమన్స్ ద్వీపమున వేసవిరాత్రులందు స్నేహితు లొక యింటి వసారాలోఁ గూడి కథలు చెప్పుకొనుచుండఁగా, జాలితెఱకుఁ బడిన రంధ్రమునుండి పురుగులు దూరివచ్చి దీపము చుట్టు ముసరెడివఁట. న్యూయార్కునకు వచ్చిన పిదప గ్రీన్ ఆ రాత్రులను మఱవలేక, 1997లోఁ దన యింటి ముందఱి గదిలో మొదటి సభ కూర్చెను. దీపపుఁబురుగున కింగ్లీషున 'మాత్' అని పేరు. సభకు నదియే పేరైనది. శలభము దీపమున కాహుతి యగునను మన కవిసమయము వారికి స్ఫురించినచో మఱియొక పేరు వెదకియుందురేమో! గదినుండి సభ కాఫీశాలలకును నాటకశాలలకును బ్రాఁకెను. లాభాపేక్షలేని సంస్థయై యితరనగరములకు విస్తరించెను. 2009లో రేడియోప్రసారములు మొదలయ్యెను. 2010వ సంవత్సరపుఁ బీబడీ పురస్కారము వానికి లభించెను.

గ్రీన్ గది యొక్కటియే యిన్నిటికిఁ గారణమని చెప్పుట చరిత్రకుఁ జాలదు. ఆ గదికి ముందు మూఁడు పాయలు ప్రవహించుచుండెను. మొదటిది టెన్నెసీ రాష్ట్రపు జోన్స్‌బరో గ్రామమున 1973లో జిమ్మీ నీల్ స్మిత్ అను నుపాధ్యాయుఁ డారంభించిన కథనోత్సవము. పుస్తకము లేక నోటఁ గథ చెప్పు విద్య యచ్చటఁ బునరుజ్జీవనము పొందినది. కాని చెప్పిన కథలలోఁ బెద్దపాలు జానపదులవి, తాతలనాఁటివి. రెండవది న్యూయార్కునందే, ఊస్టర్ వీథిలోని పర్ఫార్మింగ్ గరాజ్ అను చిన్న నాటకశాలలోనిది. అచ్చట స్పాల్డింగ్ గ్రే (1941–2004) అను నటుఁడు 1979 మొదలుకొని యొక బల్ల, యొక కుర్చీ, యొక గ్లాసెఁడు నీళ్లు, యొక నోటుపుస్తకము మాత్రమే యుంచుకొని తన జీవితమునుఁ దానే చెప్పఁజొచ్చెను. నటుఁడు పాత్రను విడిచి 'నేను' అనుట యప్పటి ప్రేక్షకులకు వింత. మూఁడవది చికాగోనగరమందలిది. ఇండ్లు కట్టు పనివాఁడును గవియునగు మార్క్ స్మిత్ 1986లో గ్రీన్ మిల్ అను పానశాలలోఁ గవితాస్పర్ధ నేర్పఱచి, శ్రోతలలోనుండియే న్యాయనిర్ణేతలను బిలిచి మార్కులు వేయించెను. దీనికి 'స్లామ్' అని పేరు. న్యూయార్కునందు నుయోరికన్ కవుల కాఫీశాల (1973లో మిగెల్ అల్గరీన్ మొదలగువారు నెలకొల్పినది) దీనికి గొప్ప యాశ్రయ మయ్యెను. ఈ మూఁటికిని మాత్ సభకును జన్యజనకభావము పత్రములచే సాధింపఁబడినదని కాదు. కాని పుస్తకములేని కథనము, ఉత్తమపురుషము, శ్రోతృనిర్ణయము అను మూఁడు ధర్మము లొక్కచోఁ గూడినది మాత్ స్లామునందే యనుట స్పష్టము.

ఆ సభ నడచు తెఱఁగు కొంత వివరింపఁదగియున్నది. క్రాస్బీ వీథియందలి హౌసింగ్ వర్క్స్ పుస్తకశాలను దీసికొందము. ఊస్టర్ వీథికిని దీనికిని నడుమ మూఁడు వీథులే. దాతలిచ్చిన పాతపుస్తకముల నమ్మి, వచ్చిన ధనము నెయిడ్స్ వ్యాధిగ్రస్తుల కొఱకు వినియోగించు ధర్మసంస్థ దానిని నడపినది. సభ నాఁటి సాయంకాలమున వాకిటఁ జనులు బారు తీరుదురు; లోపల బీరువాల నడుమఁ గుర్చీలు చాలక మేడమెట్లపైనను నిలిచి విందురు. ఆ రాత్రికి విషయ మొకటి ముందుగనే ప్రకటితమై యుండును. చెప్పఁగోరువారు తమ పేళ్లు వ్రాసి చీటి సంచిలో వేయుదురు. ఒక్కొక్క చీటి తీసి పిలువఁగాఁ బదుగురు చెప్పుదురు. ఒక్కొక్కరి కైదు నిమిషములు గడువు, మీఁదఁ గృపాకాల మొక్క నిమిషము. శ్రోతలనుండి యేర్పడిన మూఁడు జట్లవారు పదికి నిన్నియని, దశాంశములతో సహా, మార్కులు వేయుదురు. ఆ లెక్క సాగునప్పుడు సభానిర్వాహకుఁడు శ్రోతలు చీటీలమీఁద వ్రాసియిచ్చిన చిన్నచిన్న స్వానుభవములను జదివి నవ్వించును. జయించినవారు కొన్నాళ్లకు జరుగు పెద్దస్పర్ధకు నర్హు లగుదురు.

ఇందు రెండు వింతలు గలవు. చీటి రాని వారిని సభాంతమున వేదికపైకిఁ బిలిచి, వారి కథలలోని మొదటి వాక్యమును మాత్రము చెప్పనిత్తురు. ఆ వాక్యము విని ముగింపు తెలియక యింటికిఁ బోవు శ్రోత యవస్థ యెట్టిదో యూహింపవచ్చును. రెండవది, చీటి యెప్పుడు వచ్చునో తెలియనందున వక్త యా రాత్రియంతయు శ్రోతగాఁ గూర్చుండుట. వక్తృశ్రోతృభేద మచ్చట జాతిభేదము గాదు, క్షణభేదము.

ఏమి చెప్పుదురు? భామహుని శంక యిక్కడఁ జక్కఁగాఁ బరీక్షకు నిలుచును. తన గుణములను దానే చాటుకొను వక్త కచ్చట మార్కులు రావు. విజయకథలకంటెఁ దప్పిన వివాహములు, పోయిన యుద్యోగములు, తండ్రితో మాటలాడక గడపిన యేండ్లు, ఆసుపత్రిగదులు, సిగ్గుపడిన ఘట్టములు శ్రోతల నాకర్షించును. అనఁగా నాఖ్యాయికకు నాయకుఁడు స్వగుణములు గాక స్వదోషముల నావిష్కరించుటచే నాభిజాత్యమునకు భంగము రాకుండెను. భామహుఁ డీ మార్గమును దలపెట్టలేదు, దండియు దలపెట్టలేదు. కథకునికిఁ బణముగా నేదో యుండవలెనని మాత్ నిర్వాహకుల బోధ: ఈ సంఘటనవలన నీకుఁ బోయిన దేమి, పోఁగల దేమి, చివరకు నీవెట్లు మాఱితివి? ఆవేశోపన్యాసములును, హాస్యగాండ్ర చమత్కారపరంపరలును, నీతివ్యాసములును వలదని వారు స్పష్టముగాఁ జెప్పుదురు. ఈ బోధవలన మేలును గలదు, కీడును గలదు. ప్రతి జీవితమునందును మార్పుతో ముగియు ఘట్టమునే వెదకుట యలవాటైనచో, ఏ మార్పును దేని దుఃఖములకు సభలోఁ జోటు చిక్కదు. జరిగినదానిని గొంచెము వంచియైన మార్పు చూపవలెనను కోరిక పుట్టును.

వంచుటయే ప్రశ్న. మాత్ సభకు సత్యము ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ కెంత బలమున్నదో రెండు వివాదములు తేల్చినవి. 2005లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ అను ప్రసిద్ధరచయిత మాత్ వేదికపైఁ దాను పూర్వము వాషింగ్టన్ పోస్టు పత్రికయందు విలేఖరిగా నున్నప్పుడు మిత్రునితోఁ బందెము వేసికొని కొన్ని వింతమాటలను వార్తలలోఁ జొప్పించితి నని చెప్పెను. 2008లో నది రేడియోలో వినఁబడఁగనే, స్లేట్ పత్రికయందు జాక్ షేఫర్ పాతసంచికలు తిరుగవేసి, కథకును సంచికలకును బొంతన లేదని చూపెను. మాత్ అనునది కోఁతలు కోయు చోటని గ్లాడ్‌వెల్ సమాధానము. ఇది వినోదవస్తువు గావున గొడవ పెద్దది కాలేదు.

రెండవది యట్లు గాదు. మైక్ డెయిసీ అను ఏకవక్త బల్ల ముందు గూర్చుండి చెప్పు గ్రే పద్ధతివాఁడు. చీనాదేశపు షెన్‌జెన్ నగరమునఁ ఆపిల్ సంస్థకు యంత్రములు కూర్చు కర్మాగారముల వాకిట నిలిచి, పనివారితో మాటలాడితి నని యాతఁడు న్యూయార్కు పబ్లిక్ థియేటరునందుఁ జెప్పుచుండెను. హెక్సేన్ అను రసాయనమువలన చేతులు వడఁకుచున్న పనివారినిఁ జూచితి ననియు, పసిపిల్లలు పనిచేయుచున్నట్లు తెలిసికొంటి ననియు నందుఁ గలదు. 2012 జనవరి 6వ తేదీన 'దిస్ అమెరికన్ లైఫ్' అను రేడియోకార్యక్రమము దానిని బ్రసారము చేసెను. దుబాసీని బరీక్షింపఁగోరఁగా నామె దొరకదని యాతఁడు చెప్పియుండెను. షాంఘైనందలి విలేఖరి రాబ్ ష్మిట్స్ ఆమెను సులభముగనే కనుఁగొనెను. డెయిసీ చెప్పినవానిలోఁ బెక్కులు జరుగలేదని యామె చెప్పెను. హెక్సేన్ బాధ నిజమే. కాని యది జరిగినది షెన్‌జెన్ గాదు, దూరమందలి సూజౌ నగరమున. డెయిసీ యా రోగులను జూడలేదు, వారిని గుఱించి వినెను. మార్చి 16న కార్యక్రమము వారు తమ ప్రసారమును బహిరంగముగా నుపసంహరించుకొనిరి. నాటకశాలయందు సత్యము వేఱు, వార్తాపత్రికయందు సత్యము వేఱని డెయిసీ వాదించెను.

ఈ వాదమును న్యూయార్కు పత్రికలు నీతిశాస్త్రరీతినిఁ జర్చించినవి. వ్యాకరణరీతినిఁ జూచిన దోషస్థానము మఱింత సూక్ష్మముగాఁ గనఁబడును. పాణిని పరోక్షభూతమునకు లిట్టును విధించెను. పరోక్ష మన నేమి యని భాష్యకారుఁడు విచారించుచు, నూఱేండ్ల క్రిందటిదని కొందఱు, చాపచాటునఁ గలదని కొందఱు, రెండుమూఁడు దినముల క్రిందటిదని కొందఱు చెప్పినట్లు చూపెను. తన క్రియ తనకుఁ బరోక్షము గానేరదు గావున నుత్తమపురుషమున లిట్టు రాదు. అయినను నిద్రించినవాఁడును మత్తుఁడును దాము చేసినదానిని నితరులవలన వినవలసినవారు గావున వారికిఁ జెల్లును. అత్యంతాపహ్నవమునందును జెల్లునని వార్తికము. కళింగమునకుఁ బోయితివా యని యడిగిన, అసలు పోనే లేదని త్రోసిపుచ్చువాని మాట యుదాహరణము. శాకటాయనుని ప్రస్తావనయు నిక్కడిదే. ఆ వైయాకరణుఁడు రథమార్గమునఁ గూర్చుండియు, మనస్సు వేఱొకచోట నుండుటచే, ఎదుటఁ బోవుచున్న బండ్ల గుంపును గనలేదు. దగ్గఱ నుండుట మాత్రమే ప్రత్యక్షము గాదని దీని తాత్పర్యము.

డెయిసీ శాకటాయనునకు విపరీతుఁడు. దారిప్రక్కఁ గూర్చుండుట నిజమే. షెన్‌జెనునకుఁ బోయినమాట యెవ్వరును గాదనలేదు. కాని యచ్చటఁ బోవని బండ్లను దాఁ జూచితినని చెప్పెను. వస్తువు సత్యము, వేఱొక చోట వేఱొకరు చూచినది. ఆ పరోక్షమునకు నుత్తమపురుషప్రత్యక్షపు రూపము తొడుగుటయే యపరాధము. అమరసింహుని లక్షణమును బట్టి యిది యాఖ్యాయిక కావచ్చును, అర్థ మెఱుఁగఁబడినదే గదా. భామహుని లక్షణమును బట్టి కాదు. చెప్పిన 'నేను' చూచిన 'నేను' గాదు. వక్తృభేదము నిష్ప్రయోజనమని దండి చెప్పిన మాట కల్పితగద్యమునకుఁ జెల్లును. జరిగినదానిని జెప్పువానికి దోషము లేదని యాతఁడే పెట్టిన నిబంధన మాత్ర మీ సభల కన్నిటికిని మూలసూత్ర మైనది.

ఇంగ్లీషుభాషయందుఁ జూచినదానికిని విన్నదానికిని భూతక్రియ యొక్కటే. భేదము చూపఁగోరినవాఁడు వేఱు మాటలు చేర్చవలెను. చేర్చనిచో నెవ్వరును బట్టలేరు. తెనుఁగున 'అఁట' యను చిన్నమాట యీ పనిని జేయును. 'నేను పుట్టిననాఁడు వాన కురిసినదఁట' యని యేయవ్వ మనుమఁడైనను జెప్పును. 'అఁట' లేక యా వాక్యము చెప్పినవానిని జూచి నవ్వుదురు. 'నిద్రలో మాటలాడితినఁట' యనుట యుత్తమపురుషలిట్టునకు సరియైన తెనుఁగు. డెయిసీ ప్రసంగమును దెనిఁగింపఁబూనినవాఁడు ప్రతిక్రియ కడను నాఁగి, ఇక్కడ 'అఁట' పెట్టవలయునా వలదా యని తేల్చుకొనవలసివచ్చును. ఆ తేల్చుకొనుటయే ష్మిట్స్ షెన్‌జెనునందుఁ జేసిన పని.

మాత్ రేడియోప్రసారమునందు వినఁబడు ప్రకటన మీ విషయమున నొక మధ్యమార్గము నవలంబించినది: కథలు సత్యములు, కథకులు స్మరించి ధ్రువపఱచినంతవఱకు. వస్తువునుండి స్మృతికి భారము జరపఁబడినది. ఇది తెలివైన మాటయే గాని పూర్తిమాట గాదు. అన్నంభట్టు తర్కసంగ్రహమున స్మృతిని ననుభవమునుండి వేఱుచేసి, ప్రమనుండి పుట్టిన స్మృతి యథార్థ మనియు, అప్రమనుండి పుట్టినది యయథార్థ మనియుఁ జెప్పెను. స్మృతికి స్వతంత్రప్రామాణ్యము లేదు. మూలానుభవ మెట్టిదో యదియు నట్టిది. ఇరువదియేండ్ల క్రిందటి తల్లిమాటను స్మరించి చెప్పువాఁడు పదము మాఱ్చిన మాఱ్చవచ్చును; దానిని శ్రోతలు క్షమింతురు, క్షమింపవలసినదే. ఆ తల్లి యామాట యననే లేదన్నచో ధ్రువపఱచుటకు స్మృతియే లేదు. చరిత్రకారుఁడు రేపీ ధ్వనిముద్రికలను సాక్ష్యముగాఁ గైకొనునప్పుడు, సంఘటనకుఁ గాక, సంఘటన మొకని మనస్సున నెట్లు నిలిచినదో దానికి సాక్ష్యముగాఁ గైకొన్నచో మోసపోఁడు. ఇరువదియవశతాబ్దాంతపు నగరవాసి దేనికి సిగ్గుపడెను, దేనికి నవ్వెను, తండ్రితో నేమి మాటలాడలేకపోయెను అనువానికి నింతకంటె మంచి యాకరము దుర్లభము.

2020 మార్చిలో మహమ్మారివలన న్యూయార్కు నాటకశాలలు మూఁతపడఁగా నీ రాత్రులును గొంతకాల మంతర్జాలమునకుఁ దరలినవి. చాపచాటునఁ గలదే పరోక్ష మనువారి మతమున నప్పుడు వక్తకు శ్రోతలును, శ్రోతలకు వక్తయుఁ బరోక్షు లైరి. నవ్వు వినఁబడక కథకుఁ డెచ్చట నాఁగవలెనో తెలియకపోయెను. సభలు మఱల గదులకు వచ్చినవి.

డెయిసీ ప్రసంగపు శేషవృత్తాంత మొకటి కలదు. వివాదమునకు ముందే, 2012 ఫిబ్రవరిలో, ఆతఁడు దాని పాఠమును రుసుము లేక యెవ్వరైన నాడుకొనవచ్చునని ప్రకటించి యిచ్చివేసెను. ఇతరనటు లితరస్థలములందు దానిని జదివిరి. మార్చిలోఁ బబ్లిక్ థియేటరునందలి కడపటి ప్రదర్శనములకు డెయిసీ వివాదాంశములను దొలఁగించి చెప్పెను. పరుల చేతఁబడిన మొదటి పాఠములందు మాత్ర మవి యట్లే నిలిచినవి. షెన్‌జెను నెన్నఁడును జూడని నటుఁడు బల్లముందుఁ గూర్చుండి 'నేను చూచితిని' అనునప్పుడు నాటకశాలలో నెవ్వరును నాతనిని గల్లలాడెనని తలఁపరు. ఉత్తమపురుష మచ్చట వేషము, ఆఖ్యాయిక కథయైనది. డెయిసీ తన నోటఁ జెప్పినప్పు డపరాధమైన వాక్యమే, అక్షరము మాఱక, పరుని నోటఁ బడఁగనే నిర్దోష మయ్యెను.